తలొంచుకునే అద్దం

గూడూరు రైలుగేటు పక్కన నా కొట్టు.
దేవుళ్ళకి చట్రాలు కడతాను,
పోయినోళ్ళకీ కడతాను.
గాజు ఒకటే, చెక్క ఒకటే,
దండకి మేకు మాత్రం పోయినోళ్ళకి అదనం.

సైదాపురం బస్సు దిగి వచ్చింది చెంగమ్మ
తువ్వాలుగుడ్డలో ఏదో చుట్టుకుని,
జ్వరం బిడ్డని ఆస్పత్రికి తెచ్చినట్టు.
బల్ల మీద పెట్టి, ముడి విప్పి,
పక్కకి జరిగి నిలబడింది,
దానికి ఎదురు పడకుండా.

బల్లమీది అద్దం.
ఇరుగుడు చెక్క నిండా తీగలు,
తీగలకి కాయలు, కాయల్ని పొడిచే చిలకలు,
చిలకల కళ్ళలో ఇత్తడి చుక్కలు.
అటొకటి ఇటొకటి నెమళ్ళు మెడలు చాపి
గాజుని మరలతో పట్టుకున్నాయి.
కింద వేలెడంత సొరుగు.
నాలుగు సింహం పాదాల్లో ఒకటి ఊడిపోయి
దాని బదులు దారపు రీలు.
పూతకి బొల్లి వచ్చింది.

కొత్త గాజు వేస్తానమ్మా అన్నాను.
బెల్జియందని చెప్పి వేసేవాళ్ళున్నారు,
నేనట్టా చెప్పనని కూడా అన్నాను.
"గాజు జోలికి పోబాక.
ఇది తలొంచుకుంటది నాయనా.
ఎన్నిసార్లు లేపినా ముందుకి వాలిపోద్ది.
తలెత్తుకు నిలబడేట్టు చెయ్యి, చాలు."

మరలు విప్పుతుంటే అడక్కుండానే చెప్పింది.
అభ్రకం షెడ్డులో ముప్పై ఏళ్ళు.
వంకర కత్తితో రాయిని పొరలు తియ్యడం,
ఉల్లిపొర కంటే పల్చగా,
ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చగా.
ఇంటికొస్తే సంగటిలో తళుకు,
చంటిదాని చెంప మీద తళుకు,
దగ్గితే కళ్ళెలో తళుకు.
"అద్దమెందుకు మాకు?
ఒకరి మొహంలో ఒకరం కనపడేవాళ్ళం"
అని నవ్వింది, పన్ను లేని చోట నాలిక పెట్టి.

గని మూతపడ్డ ఏడు
పదకొండు వారాల కూలి బాకీ.
మేనేజరు బంగళా సామాను ఎండలో పెట్టి
తలా ఒకటి తీసుకోమన్నారంట.
పోలయ్యకి గోడగడియారం,
మస్తానమ్మకి ఆరు కప్పులు, ఐదు సాసర్లు,
తూకం రమణయ్యకి మంచం, అది బండెక్కక అక్కడే వదిలేశాడు.
చెంగమ్మ వంతు వచ్చేసరికి ఇది మిగిలింది.
వేలిముద్ర వేయించుకున్నారు:
పదకొండు వారాలు, చెల్లు.

నెమలి మెడలో మర అరిగిపోయింది.
పాత చెప్పులోంచి తోలు ముక్క కోసి
గుండ్రంగా చెక్కి, దూర్చి, బిగించాను.
లేచింది. నిలబడింది.
నా బనీను, నా గుండు బల్బు,
నా వెనక గోడకి ఆనించిన వెంకన్న
అంతా మచ్చలు మచ్చలుగా అందులోకి వచ్చాం.

సొరుగు మాత్రం బిగుసుకుపోయింది.
ఊపితే లోపల ఏదో కదిలింది,
ఉంగరమో, గుండీయో, తాళంచెవో.
ఉలి అంచు ఆనించాను.
ఆమె చెయ్యి నా చేతి మీద పడింది,
చిన్న చెయ్యి, ఆకురాయి మాదిరి.

"అది తియ్యబాక ఖాజా."
"ఇన్నేళ్ళబట్టీ చూడనేలేదా?"
"అద్దం నా కూలి.
అందులోది నా కూలిలో లేదు."

డబ్బులొద్దన్నాను.
తప్పు చేశాను.
అంత కోపం ముసలి కళ్ళలో ఎప్పుడూ చూళ్ళా.
కొంగుముడి విప్పి
నాలుగు పదులు బల్ల మీద పరిచి
నేను ఎంచేదాకా కదల్లేదు.

బస్సెక్కింది. గేటు పడింది.
చెన్నై బండి ఎంతకీ రాదు.
కిటికీ పక్కన చెంగమ్మ, ఒళ్ళో అద్దం,
గుడ్డ తీసేసి ఉంది.
ముందు సీటు పిల్లోడెవడో వెనక్కి తిరిగి
నాలిక చాపి, కళ్ళు మెల్ల పెట్టి
దాన్ని వెక్కిరిస్తున్నాడు.
వాడికి బాగా కనపడేట్టు
ఆమె రవంత ఎత్తి పట్టింది.

ఎండ ముక్కొకటి పట్టాల మీదుగా ఎగిరి
నా కొట్లోకి దూరి,
ఎవరూ డబ్బు కట్టి తీసుకుపోని దేవుళ్ళ మీద
మచ్చలు మచ్చలుగా పాకి,
గేటు లేచేదాకా వణుకుతూ ఉంది.